గునపానికి మర్యాద

భార్య ఎల్వా పోయినప్పటినుంచీ ఊళ్ళో మెర్విన్‌ని ఎవరూ తిట్టలేదు. ఇది అతనికి జరిగిన అన్యాయం. ఇందులో రెండో మాట లేదు.

అంతకుముందు, ఎడారి అంచున ఉన్న కార్డూనాలో అతని పేరు గునపం. ఎటూ వంగడు గనక ఆ పేరు పెట్టారు. ఆ ఊళ్ళో ప్రతివాడికీ ఒక పేరుంది. ఉత్తరాలు పంచే డెస్ నోరు విప్పడు, అందుకని అతను మైకు. గారేజీ క్లారీని నత్త అంటారు; దారిలో బండి ఆగిపోయిందని ఎప్పుడు కబురుపెట్టినా మర్నాడు వస్తాడు. కన్నవాళ్ళు పెట్టిన పేరుతో మనిషిని పిలిచేది ఇద్దరే. ఒకడు పోలీసు, రెండోవాడు శవం మీద ప్రార్థన చదివే ఫాదరు. ఎల్వా మీద మట్టి వేసి వెనక్కి తిరిగేసరికి గునపం కాస్తా మెర్విన్ అయిపోయాడు. "జాగ్రత్త, మెర్విన్." "వేళకి తింటున్నారా, మెర్విన్?" తిట్టే నోళ్ళన్నీ తేనె పూసుకున్నాయి. ఆ గోతిలో గునపాన్ని కూడా కప్పెట్టి వచ్చారు.

ఒక చలికాలం అలాగే గడిచిపోయింది. ఈ చలికాలం సింప్సన్ ఎడారి దాటాలని క్లారీ మళ్ళీ అందర్నీ బయల్దేరదీశాడు. మూడు బండ్లు. ముందు క్లారీ, అతని భార్య నోలీన్. తరవాత డెస్. ఆఖర్న మెర్విన్. శనివారం ఊరి బయట ఇసుక తిన్నెల మీద ఒక రోజు తోలి చూసుకోవాలి. ఏది ఊడుతుందో ఏది నిలుస్తుందో అక్కడ తేలిపోతుంది. పై వారం ప్రయాణం.

సోమవారం పొద్దున మెర్విన్ బండి కింద వెల్లకిలా పడుకుని కమాను పట్టీలకి గ్రీజు కొడుతున్నాడు. కంకర మీద బూట్ల చప్పుడయింది. బూట్లు వచ్చి చక్రం పక్కన ఆగాయి. ఎడమ బూటుకి తాడు లేదు, తీగ కట్టి ఉంది. క్లారీ.

"మెర్విన్, ఉన్నారా?"

"లేడు. బండి మింగేసింది."

పాత రోజులయితే, ఆ బండికి అరగదు, సాయంత్రానికి కక్కేస్తుంది అనేవాడు క్లారీ. ఇప్పుడు బూటుతో కంకరని ఒకసారి కెలికాడు. తరవాత, "మంచిది, మంచిది. నెమ్మదిగా చేసుకోండి" అన్నాడు.

మెర్విన్ పాక్కుంటూ బయటికి వచ్చాడు. క్లారీ చేతిలో పళ్ళెం, పళ్ళెం మీద గుడ్డ. నోలీన్ కేకు పంపింది. వారానికో కేకు వస్తూనే ఉంది. మెర్విన్ ఇంట్లో ఫ్రిజ్‌కి కేకు వాసన పట్టింది.

"రేడియేటరుకి జల్లెడ కట్టారా? గడ్డి గింజలు ఈసారి ఎక్కువ, పోయి అడ్డుపడతాయి" అన్నాడు క్లారీ.

"కట్టాను."

"ఆహా. చాలా బాగా కట్టారు" అన్నాడు క్లారీ, బానెట్ ఎత్తకుండానే.

అప్పుడు తల పైకెత్తి టాపు మీద క్యారియర్ చూశాడు. దాని మీద నిండు నీళ్ళ పీపా ఉంది. షెడ్డులో అడ్డంగా ఉందని మెర్విన్ పొద్దున దాన్ని అక్కడికి ఎక్కించాడు, సాయంత్రం దించేద్దామనే. నీళ్ళ బరువు బండిలో కిందికి ఉండాలి. నెత్తిన అంత బరువు పెట్టుకుని తిన్నె ఎక్కినవాడు అవతలివైపు దొర్లుకుంటూ దిగుతాడు. కిందటిసారి ఎవడో పట్నంవాడు అలాగే టాపు మీద పీపా కట్టుకుని పెట్రోలు బంకు ముందు నుంచి పోతుంటే, క్లారీ చేతిలో స్పానర్‌తోనే వెంటపడి ఊరి పొలిమేర దాకా తిట్టుకుంటూ పోయాడు.

క్లారీ పెదవులు విడివడ్డాయి. దవడ ఒకసారి అటూ ఇటూ కదిలింది. మెర్విన్ చేతులు తుడుచుకోవడం ఆపి ఎదురుచూశాడు.

"బాగుంది" అన్నాడు క్లారీ. "నీళ్ళు ఎక్కడున్నా నీళ్ళేగా."

పళ్ళెం గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మెర్విన్ ఆ పీపా వంక చాలాసేపు చూశాడు. సాయంత్రం దాన్ని దించలేదు. నిచ్చెన వేసుకుని, తాడు తెచ్చి, అది అక్కడే ఉండిపోయేలా గట్టిగా బిగించి కట్టాడు.

మర్నాడు అతను సామాను సర్దాడు. ఇసుకలో కూరుకుపోయినవాడికి మొదట కావలసింది పార, రెండోది జాకీ. ఆ రెండూ చెయ్యి చాపితే అందాలి. మెర్విన్ వాటిని అన్నిటికన్నా అడుగున పెట్టాడు. వాటి మీద డేరా, డేరా మీద పరుపుల చుట్ట, చుట్ట మీద వంట సామాను పెట్టె, పెట్టె మీద పనిముట్ల సంచి. తలుపు తెరిచి ఉంచి, బండిని వీధిలోకి తిప్పి నిలబెట్టి, పక్కన కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

డెస్ ఉత్తరాల సంచితో వచ్చాడు. ఆగాడు. అడుగు నుంచి పార కర్ర కొస బయటికి పొడుచుకొచ్చి ఉంది. డెస్ దాన్ని చూశాడు. మెర్విన్‌ని చూశాడు. ఆ ఊళ్ళో డెస్ గొంతు విన్నవాళ్ళు తక్కువ.

"అందంగా సర్దారు" అన్నాడు డెస్.

మెర్విన్‌కి ఒళ్ళు మండిపోయింది. మైకు చేత కూడా మాట్లాడించారు.

అక్కణ్ణుంచి నేరుగా నోలీన్ కొట్టుకి నడిచాడు. ఎడారి దారంతా అలలు తేలిన మట్టి రోడ్డు. ఆ కుదుపుకి బీరు డబ్బాలు ఒకదానికొకటి రాసుకుని చిల్లులు పడతాయి. ఒక్కో డబ్బాకి ఒక పాత మేజోడు తొడుగుతారు. గాజు అనేదాన్ని ఎవరూ ముట్టుకోరు.

"జామ్ కావాలి. గాజు సీసాల్లో. ఊరగాయ కూడా గాజు సీసాలోదే. ఆ సోడాలు కూడా" అన్నాడు మెర్విన్.

నోలీన్ చెయ్యి ప్లాస్టిక్ డబ్బాల వైపు పోబోయి ఆగింది. ఆవిడ నోటికి భయపడి పట్నం నుంచి వచ్చే లారీవాళ్ళు సరుకు దించి ఇంజను ఆపకుండానే పోతారు. అలాంటి మనిషి కళ్ళు చెమర్చాయి.

"గాజువి రుచిగా ఉంటాయి, నాయనా" అంది.

"పగిలిపోతాయేమో."

"పగిలితే పగిలాయి. మనసుకి నచ్చింది తీసుకోవాలి." ఒక్కో సీసాని పాత పేపరులో పసిపిల్లని చుట్టినట్టు చుట్టింది. ఆఖర్న మెర్విన్ చెయ్యి పట్టుకుని నిమిరింది కూడా.

"నోలీన్, నీకు ఒంట్లో బాగుందా?"

"నాకేం, నాయనా? మీరు బాగుంటే చాలు."

మెర్విన్ మర్యాద తట్టుకోలేక బయటపడ్డాడు. ఎల్వాకీ నోలీన్‌కీ ముప్ఫై ఏళ్ళ స్నేహం. ఆ ముప్ఫై ఏళ్ళలో నోలీన్ అతన్ని ఒక్కసారి కూడా నాయనా అనలేదు. ఏవయ్యో గునపం, చెప్పులు బయట విప్పి ఏడువు అనేది.

బుధవారం జెండా కట్టాడు. తిన్నెకి అవతలివైపు నుంచి వచ్చేవాడికి బండి కనిపించదు, జెండా కనిపించాలి. అందుకని బండికి ముందు, మనిషికి రెండింతల ఎత్తు కర్ర కట్టి, దాని కొసన ఎర్ర గుడ్డ కడతారు. మెర్విన్ మోకాలెత్తు పుల్ల తీసుకుని బండి వెనక కట్టాడు. దాన్ని వేసుకుని ఊళ్ళో రెండుసార్లు తిరిగాడు. గారేజీ ముందు బండి ఆపి హారన్ కొట్టాడు. క్లారీ బయటికి వచ్చి ఆ పుల్లని చూశాడు. ఒక కుక్క వచ్చి దాన్ని వాసన చూసి కాలెత్తింది.

"గాలికి భలే ఎగురుతోంది" అన్నాడు క్లారీ. కుక్కని మాత్రం తిట్టాడు. గట్టిగా, తనివితీరా, దాని తల్లిని దాని తాతని కూడా కలుపుకుని తిట్టాడు. మెర్విన్ ఆ కుక్క వంక అసూయగా చూశాడు.

ఇంకొకటి చెయ్యవచ్చు. కూరుకుపోయిన బండిని లాగే పట్టీని, దానికని ఉన్న కొక్కేనికి కాకుండా, వెనక ట్రెయిలర్ తగిలించే గుండుకి తగిలించవచ్చు. ఆ గుండు విరిగి ఫిరంగి గుండులా వచ్చి మనుషుల్ని చంపిన సంగతులు అందరికీ తెలుసు. అది చూస్తే క్లారీ తిట్టి తీరతాడు. మెర్విన్ పట్టీని చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ చుట్టేసి లోపల పెట్టేశాడు. ప్రాణాలతో పరాచికాలు అతనికి నచ్చవు.

గురువారం మొగుడూ పెళ్ళాం కలిసి వచ్చారు. తల దువ్వుకుని వచ్చారు. అది చూడగానే మెర్విన్‌కి కీడు తోచింది.

వాళ్ళు వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నారు. నోలీన్ చీటికీ మాటికీ క్లారీ కాలు తొక్కుతోంది. క్లారీ టోపీని ఒళ్ళో పెట్టుకుని అంచు తిప్పుతున్నాడు.

"మేము ఏమనుకున్నామంటే, మెర్విన్... మూడు బండ్లు ఎందుకు?"

"మూడు బండ్లు ఎప్పుడూ ఉన్నవేగా."

"ఉన్నవే, ఉన్నవే. కానీ మా వెనక సీటు ఖాళీ. హాయిగా కూర్చుంటారు. కిటికీలోంచి చూసుకుంటూ వస్తారు."

"దిండు కుడుతున్నాను" అంది నోలీన్. "నడుముకి ఒకటి, మెడకి ఒకటి."

మెర్విన్‌కి అప్పుడు తెలిసింది. వారమంతా అతను వాళ్ళని పరీక్షిస్తున్నాననుకున్నాడు. వాళ్ళు మార్కులు అతనికి వేస్తున్నారు. టాపు మీది పీపా, అడుగున పార, గాజు సీసాలు, మోకాలెత్తు జెండా. పాపం, పెళ్ళాం పోయి మతి చలించింది. స్టీరింగు చేతికివ్వకూడదు. వాళ్ళు తిట్టవలసిన తిట్లు తిట్టకుండా దాచిపెట్టి, వాటితో తీర్పు రాసుకొచ్చారు.

నిజం చెప్పేద్దామనుకున్నాడు. ఏమని చెప్పాలి? మీరు తిడతారేమోనని చేశాను, తిట్టండి అని అడుక్కోవాలా? గునపం అడుక్కోడు.

"నా బండి నేను తోలుతాను" అన్నాడు.

"అలాగే, అలాగే" అన్నాడు క్లారీ. తప్పిపోయిన గొర్రెని దొడ్లోకి తోలేటప్పుడు వాడే గొంతు అది.

"శనివారం చూడండి. చూసి, చాతకాదనిపిస్తే అప్పుడు నన్ను దిండు మీద కూర్చోబెట్టండి."

నోలీన్ మళ్ళీ క్లారీ కాలు తొక్కింది. "సరే నాయనా. శనివారం చూద్దాం. దిండుకి పచ్చ రంగు గుడ్డయితే మీకు ఫరవాలేదా?"

శుక్రవారం పొద్దున నుంచి మెర్విన్ తను చేసిందంతా విప్పాడు. పీపా దించి పారబోశాడు. టాపు ఖాళీ చేశాడు. బండిలో ఉన్నదంతా నేల మీద పరిచి మళ్ళీ మొదటినుంచి సర్దాడు: బరువైనవి కిందికి, ముందుకి, పార వెనక తలుపుకి, జాకీ చేతికందేలా. గాలి ఫిల్టరు దులిపాడు. నీళ్ళ టాంకు కొళాయి తిప్పి, నీళ్ళు వస్తున్నాయని చూసుకున్నాడు. స్టెప్నీ దించి చూసి ఎక్కించాడు. చక్రాల నట్టులు ఒక్కోటీ బిగించి, వాటి మీద సుద్దగీత గీశాడు. నట్టు కదిలితే గీత పక్కకి జరుగుతుంది. రెండో బ్యాటరీ వైర్లకి పాత సైకిలు ట్యూబు చుట్టాడు. పెద్ద కర్ర తెచ్చి ముందు బంపరుకి జెండా కట్టాడు. గాజు సీసాల్లో జామ్ మాత్రం ఇంట్లోనే పెట్టి, ఒక సీసా మూత తీసి వేలితో నాకాడు. నోలీన్ చెప్పింది నిజమే. రుచిగానే ఉంది.

సాయంత్రం మెర్విన్ డీజిల్ కోసం క్లారీ నడిపే బంకుకి పోయాడు. క్లారీ పరిగెత్తుకొచ్చాడు.

"మీరు కూర్చోండి. నేను పడతాను."

"నేను పట్టుకుంటాను."

"ఎందుకు మీకు శ్రమ?"

మెర్విన్ అతని చేతిలోంచి గొట్టం లాక్కున్నాడు. క్లారీ చిన్నబుచ్చుకోలేదు. గుడ్డ తీసుకుని, ముందుకి పోయి, అద్దం తుడవడం మొదలుపెట్టాడు. ఆ ఊళ్ళో క్లారీ ఎవరి అద్దమూ తుడవలేదు. కొట్టు గుమ్మంలోంచి నోలీన్ పచ్చ గుడ్డ ఒకటి, గళ్ళ గుడ్డ ఒకటి ఎత్తి చూపించింది.

"ఏది నాయనా? పచ్చదా, గళ్ళదా?"

"ఏదీ వద్దు!"

"పచ్చదే కుట్టేస్తాలే!"

మెర్విన్ పళ్ళు బిగించి, గుమ్మం వంకా అద్దం వంకా మార్చి మార్చి చూస్తూ గొట్టం పట్టుకున్నాడు. అనుకున్నదాని కన్నా ముందే నిండింది. బండిలో డీజిల్ ముల్లు చచ్చి చాలా కాలమయింది, దాన్ని ఎవరూ చూడరు. మూత బిగించి ఇంటికి పోయాడు.

శనివారం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఊరు దాటగానే మట్టి రోడ్డు. బండి పళ్ళు కొట్టుకున్నట్టు కొట్టుకుంది. ఆ అలల మీద నెమ్మదిగా పోతే ఎముకలు విరుగుతాయి. ఒక వేగం దాటితే బండి వాటి పైపైన తేలుతుంది. ఆ వేగం మెర్విన్ కాలికి తెలుసు. ఈ రోడ్డుని చదును చేసే గ్రేడర్‌ని ముప్ఫై ఏళ్ళు తోలింది అతనే. తిన్నెల మొదట్లో ముగ్గురూ ఆగి, ఇసుకలో దిగబడకుండా టైర్లలో సగం గాలి తీశారు. గాలి బుసకొడుతుంటే మెర్విన్‌కి హుషారెక్కింది. ఈల వేశాడు.

మొదటి తిన్నె ఒక్క ఊపులో ఎక్కాడు. బండికీ బండికీ మాట్లాడుకునే రేడియోలో క్లారీ గొంతు గరగరలాడింది: "బ్రహ్మాండంగా ఎక్కారు, మెర్విన్!"

రెండో తిన్నె మీద డెస్ కూరుకుపోయాడు. చక్రాలు పొట్టదాకా దిగిపోయాయి. మెర్విన్ బండి దిగి, వెనక తలుపు తీసి, చూడకుండానే పార అందుకున్నాడు. చక్రాల ముందు ఇసుక తీశాడు. పట్టీని కొక్కేనికి తగిలించాడు, దాని మీద బరువైన గోనె వేశాడు, అందర్నీ దూరంగా నిలబెట్టాడు. తన బండెక్కి, పట్టీ సాగేదాకా నెమ్మదిగా పోయి, ఒక్క గుంజు గుంజాడు. డెస్ బండి పన్ను ఊడినట్టు ఊడివచ్చింది.

మెర్విన్ పార భుజాన వేసుకుని క్లారీ ముందుకి పోయి నిలబడ్డాడు. ఇప్పుడేమంటావురా, అన్నట్టు.

క్లారీ అతని వీపు తట్టాడు. "ఇవాళ మీకు కాస్త బాగున్నట్టుంది. సంతోషం."

నోలీన్ డెస్ చెవిలో ఏదో చెప్పింది. డెస్ జాలిగా తల ఊపాడు. మెర్విన్‌కి హుషారు దిగిపోయింది. తప్పు చేస్తే జాలి, ఒప్పు చేస్తే మెప్పు. రెండూ ఒకే డబ్బాలోంచి తీసి పెడుతున్నారు. ఇక ఎన్ని తిన్నెలెక్కినా ఆ పచ్చ దిండు తప్పదు.

ఎండ వాలకముందే బండ్లు ఆపి కట్టెలు పోగేశారు. టీ తనే పెడతానన్నాడు మెర్విన్. మీరెందుకు అని ముగ్గురూ లేచారు. ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు. తన బండి పక్కనున్న నీళ్ళ కొళాయి తిప్పి నల్లటి టీ డబ్బా నింపాడు, మంట మీద వేలాడదీశాడు. ఆకు వేశాడు, ఒక పచ్చి ఆకుకొమ్మ వేశాడు, డబ్బాని చేత్తో గిర్రున తిప్పాడు. కట్టెల పొగ, టైర్ల వేడి, అందరి చేతులకీ డీజిలూ గ్రీజూ. అక్కడ దేని వాసన ఏదో ఎవరికీ తెలియదు. రేకు కప్పుల్లో పోసి అందరికీ ఇచ్చి, తను బూడిదలో కాలుతున్న రొట్టెని తిప్పడానికి పోయాడు.

నోలీన్ మొదట తాగింది. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. మెడలో ఒక నరం లేచింది. గుటక వేసింది.

"మంచి టీ, నాయనా" అంది. గొంతు సన్నగా వచ్చింది.

డెస్ ఒక గుక్క తాగాడు. కప్పు లోపలికి చూశాడు. అక్కడ రంగురంగుల చుట్టలు తిరుగుతున్నాయి. నోలీన్ వంక చూశాడు. నోలీన్ కళ్ళతోనే, తాగు, అంది. డెస్ కళ్ళు మూసుకుని ఇంకో గుక్క తాగాడు.

"రుచి" అన్నాడు.

"ఇంకొంచెం పొయ్యనా?" అన్నాడు మెర్విన్, రొట్టె మీది బూడిద దులుపుతూ.

"వద్దు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. "అంటే, చాలు. ఇదే ఎక్కువ."

క్లారీ వేడి తగ్గేదాకా ఆగే మనిషి. ఊదుకుని ఊదుకుని, సగం కప్పు ఒక్కసారి నోట్లో పోసుకున్నాడు. బుగ్గలు బెలూన్లలా ఉబ్బాయి. మొహం ఎర్రబడింది. నోలీన్ అతని కాలు తొక్కింది. ఇంకా గట్టిగా తొక్కింది. క్లారీ నోలీన్‌ని చూశాడు, మెర్విన్‌ని చూశాడు, మింగుదామని నిజంగానే ప్రయత్నించాడు. మెడ ఒప్పుకోలేదు. పక్కకి తిరిగి మొత్తం మంటలోకి ఉమ్మేశాడు.

మంట భగ్గున మనిషెత్తు లేచింది. క్లారీ కనుబొమలు కాస్త చురచురలాడాయి.

క్లారీ కప్పుని ఇసుకలోకి విసిరికొట్టాడు.

"ఒరేయ్ గునపం!" అన్నాడు క్లారీ.

ఆ కేకకి చెట్టు మీది తెల్ల చిలకలన్నీ లేచిపోయాయి.

"తుప్పు పట్టిన గునపం! ఇది టీ అట్రా? ఇది డీజిల్రా! నీళ్ళ టాంకులో డీజిల్ పోశావురా, బుర్ర ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా పెట్టుకు పుట్టినోడా! ఆ ఎడారిలో తిరిగే ఒంటె కూడా తాగేముందు వాసన చూస్తుందిరా! అక్కడ, ఆ తిన్నెల నడిమధ్యలో ఇదే పని చేసుంటే? నలుగురం ఎండి వరుగులయ్యేవాళ్ళం కాదట్రా? నీళ్ళురా! నీళ్ళు! ఆటలా నీకు?"

"క్లారీ, ఆగు, పాపం..." అంది నోలీన్.

"పాపం లేదు, శాపం లేదు! వారం నుంచీ నోరు కుట్టుకుని కూర్చున్నాను. కడుపుబ్బి చస్తున్నాను! టాపు మీద పీపా ఎక్కిస్తాడా! పార అడుగున పెడతాడా! మోకాలంత పుల్లకి జెండా కడతాడా! కుక్క ఉచ్చ పోసిందిరా నీ జెండా మీద, బాగుందన్నాను నేను! నా నోటితో!"

నోలీన్ లేచింది. తన కప్పులోకి ఒకసారి చూసింది. అందరూ ఏడుస్తుందనుకున్నారు.

"ఏవయ్యో గునపం! నేను మింగానయ్యా ఇది! రెండు గుక్కలు మింగాను! నీకోసం గాజు సీసాలు పేపర్లలో చుట్టాను! జామ్ పగిలి బండంతా అంటితే చీమలు నిన్ను మోసుకుపోతాయని తెలిసీ చుట్టాను! ఆ వెధవ దిండుకి నిన్న రాత్రి నా వేలు కుట్టేసుకున్నాను!" వేలు చూపించింది.

"కేకులు కూడా ఆపెయ్" అన్నాడు మెర్విన్.

"ఆపెయ్యనా? ముక్క కూడా పెట్టను! పళ్ళేలు ఒక్కటి తిరిగివ్వలేదు, సిగ్గులేదా? ఎల్వా ఉంటేనా, నీ పళ్ళేలతోనే నిన్ను..." అక్కడ ఆవిడ ఆగింది. ఎల్వా పేరు వాళ్ళ మధ్య ఎవరూ పలకక ఏడాది దాటింది. నోలీన్ చుట్టూ చూసింది. మెర్విన్ నవ్వుతున్నాడు. ఆవిడ మిగతాది పూర్తిచేసింది: "...నిన్ను కొట్టేది!"

"కొట్టేది" అన్నాడు మెర్విన్.

డెస్ తన కప్పు ఇసుకలో బోర్లించాడు. అందరూ అతని వంక చూశారు.

"దరిద్రుడా" అన్నాడు డెస్, మెర్విన్‌తో, ఎంతో ఆప్యాయంగా.

ఆ తరవాత ఎవరు ముందు నవ్వారో తెలియదు. క్లారీ నవ్వుతూనే తిట్టాడు, తిడుతూనే పనులు పురమాయించాడు. ఆ టాంకు ఇక కడిగినా పనికిరాదు, రేపు పొద్దున్నే వచ్చి పీకి అవతల పారెయ్. నీళ్ళు డబ్బాల్లో తెచ్చుకో. ఒక్కో డబ్బా మూత తీసి నువ్వే తాగి చూపించు. బయల్దేరేముందు నువ్వే అందరి నట్టులూ చూడు, గీతలు గీశావుగా, ఆ ఒక్క పనీ మనిషిలా చేశావు. ఆఖరి బండి నీదే, మా దుమ్ము తిను. దిండు నోలీన్ కుక్కకి వేస్తుంది.

ఊరగాయా రొట్టే తిన్నారు. క్లారీ ఫ్లాస్కులో చల్లారిన టీ ఉంటే తలో గుక్కా తాగారు. రొట్టె మాడిందని కూడా మెర్విన్‌నే తిట్టారు.

సామాను ఎత్తేటప్పుడు మెర్విన్ బండి అవతలివైపుకి పోయాడు. అటువైపు రెండు మూతలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి డీజిల్‌ది, ఒకటి నీళ్ళది. రెండూ నల్లవే, రెండూ ఒకే కొలతవి. బండి కొన్నప్పటినుంచీ డీజిల్ పట్టడం అతని పని, నీళ్ళు పట్టడం ఎల్వా పని. ఆవిడ తన మూతకి నీలం గుడ్డపీలిక కట్టుకునేది. ఆవిడ పోయాక బండి కడిగినప్పుడు అది మాసిపోయిందని అతనే విప్పి పారేశాడు. మెర్విన్ నీళ్ళ మూత మీద చెయ్యి పెట్టాడు. మూత వెచ్చగా ఉంది. చెయ్యి తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

క్లారీ వచ్చి పక్కన నిలబడ్డాడు. కనుబొమ ఒకటి సగం పోయింది.

"ఒరే. పీపా, పార, జెండా, గాజు సీసాలు... అవన్నీ కావాలని చేశావు కదూ? మా నోళ్ళు తెరిపించడానికి? ఇవాళ నీ సర్దుడు చూశాక తెలిసింది."

"ఊఁ."

"మరి ఇది?"

మెర్విన్ నీళ్ళ మూతని ఇంకోసారి బిగించాడు. కావాలనే చేశానంటే, ఎడారికి పోయే దారిలో నీళ్ళతో ఆడుకున్నవాడవుతాడు. అలాంటివాడితో ఎవడూ బండి కట్టడు. చూసుకోలేదంటే, ఇప్పుడే తెరుచుకున్న ఈ నోళ్ళు మళ్ళీ మూతపడతాయి. క్లారీ టోపీ ఒళ్ళో పెట్టుకుంటాడు. నోలీన్ నాయనా అంటుంది.

"నిన్నేరా అడుగుతున్నది. కావాలనా, కాదా?"

"ఆ మాట ఇంకోసారి ఎత్తితే ఇక్కణ్ణుంచి నడిచి ఇంటికి పోతాను" అన్నాడు మెర్విన్.

"పో. నీళ్ళు మాత్రం వెంట తీసుకుపోకు."

పై వారం ఎడారి దాటారు. మూడు బండ్లు, మెర్విన్ ఆఖర్న. దారి పొడుగునా అతను నోటినిండా దుమ్ము తిన్నాడు, చెవినిండా తిట్లు తిన్నాడు. ప్రతి తిన్నె దగ్గరా క్లారీ రేడియోలో అదే ప్రశ్న అడిగాడు. కావాలనా, కాదా? తిరిగొచ్చాక ఊళ్ళో అందరూ అడిగారు. నోలీన్ కొట్టులో పందాలు కట్టారు. ఫాదరు కూడా ఒక ఆదివారం పక్కకి పిలిచి అడిగాడు.

మెర్విన్ ఫాదరుకి కూడా చెప్పలేదు. ఆ విషయం ఎవరితోనూ ఎత్తలేదు. ఎత్తడు.